ఒక సాలు దేవుడిది, ఒక సాలు ముక్కుది

ఆ సాయంత్రం నేను చేసిన తప్పు ఎవరితోనైనా చెబితే నవ్వుతారు. పక్కింటివాళ్లు దేవుడి కోసం కోసి, తడిగుడ్డ కప్పి, మా వరండాలో పెట్టిన పూలబుట్టలో ముఖం పెట్టి వాసన చూశాను. అంతే. దొంగిలించలేదు, పారబోయలేదు, ఒక్క మొగ్గ కూడా నలగలేదు. కానీ వాసన చూసిన పువ్వు పూజకి పనికిరాదని మా పెడనలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. మేం చర్చికి వెళ్లేవాళ్లం. మా చర్చిలో బల్లమీద పెట్టే పూలకి ఆ పట్టింపు లేదు. తెచ్చినవాళ్లు వాసన చూస్తారు, పెట్టేవాళ్లు వాసన చూస్తారు. ఆ తేడా తెలిసి కూడా చేశాను కాబట్టే దాన్ని పొరపాటు అనలేకపోతున్నాను.

ముందు నా ముక్కు సంగతి చెప్పాలి. కరోనా వచ్చి తగ్గింది కానీ వాసన తిరిగి రాలేదు. నేను గుడివాడలో ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజర్ని. ధాన్యం లారీ వస్తే గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, ముక్కిన సరుకో కాదో చెప్పడం నా పని. ఇప్పుడూ గుప్పెడు తీస్తాను, ముక్కు దగ్గర పెట్టుకుంటాను, కళ్లు కూడా మూసుకుంటాను. తర్వాత పక్కనున్న హమాలీల ముఖాలు చూసి చెబుతాను. ఇంట్లో పాలు అడుగంటినా తెలియదు. మా ఆవిడ బందరులో ఒక ఆసుపత్రిలో నర్సు. డ్యూటీలో ఉండగా ఫోన్ చేసి, "ఏవండీ, గ్యాస్ కట్టేశారా? చెవితో కాదు, కంటితో చూసి చెప్పండి" అంటుంది.

డాక్టరు రెండు మాటలు చెప్పాడు. ఘాటైన వాసనలు రోజూ చూస్తూ ఉండమన్నాడు, తొందరపడొద్దన్నాడు. నేను మొదటిదే విన్నాను. కర్పూరం, నిమ్మతొక్క, లవంగం, యూకలిప్టస్ నూనె, బట్టల బీరువాలో వేసే ఉండలు, ఏది కనిపిస్తే అది ముక్కుకి పెట్టుకునేవాణ్ణి. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ల సంచీలోకి వంగి చూసి తిట్లు కూడా తిన్నాను. వచ్చిందా, రాలేదా అన్న ఆ ఒక్క ప్రశ్న నన్ను కుదురుగా కూర్చోనిచ్చేది కాదు. అన్నం ముందు కూర్చున్నా అదే, ప్రార్థనలో తల వంచినా అదే.

పక్కింటాయన కలంకారీ అచ్చు పనివాడు. చెక్క అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి పిడికిలితో గుద్దుతాడు. మా పడకగదికి ఆ చప్పుడే గడియారం. ఆయన భార్య నన్ను అన్నయ్యా అంటుంది కాబట్టి ఆయనకి నేను బావని. మతాలు వేరయినా, పాతికేళ్లుగా ఒకే గోడకి అటూ ఇటూ ఉన్నవాళ్లం. పోయినేడు ఆయనకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అచ్చు చప్పుడు ఆగిపోయింది. అప్పుడు ఆవిడ మొక్కుకుంది. ఆయన ఆ చేత్తో మళ్లీ అచ్చు గుద్దితే, తన చేతులతో పెంచిన పూలదండ తీసుకెళ్లి కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు మెడలో వేయిస్తానని.

బజారులో కొన్న పూలయితే ఇంత కథ ఉండేది కాదు. తను పెంచినవే కావాలి. వాళ్ల పెరట్లో ఏదీ బతకదు. రంగునీళ్లూ పటికనీళ్లూ తరాలుగా తాగిన నేల అది. అందుకని ఒకరోజు గోడ దగ్గరకొచ్చి అడిగింది.

"అన్నయ్యా, మీ పెరట్లో ఓ మూల ఇస్తారా? లిల్లీ దుంపలు తెప్పించాను, ఘంటసాల నుంచి."

పుస్తకాల్లో నేలసంపెంగ అని రాస్తారు. మా బజారులో అందరూ లిల్లీ అనే అంటారు. పగలంతా ఊరుకుని పొద్దుగూకాక వాసన విరజిమ్మే పువ్వు. గోనెసంచిలో ఉల్లిపాయల్లా ఉన్న ఆ దుంపల్ని చూడగానే నాకు దేవుడూ గుర్తుకు రాలేదు, పక్కింటాయన చెయ్యీ గుర్తుకు రాలేదు. నా ముక్కే గుర్తొచ్చింది.

"వీటి వాసన బాగా ఘాటు కదా చెల్లెమ్మా?"

ఆవిడ నవ్వింది. నా అవస్థ తెలిసినదే కదా. శివరాత్రి వెళ్లాక మా పెరట్లో కృష్ణ ఇసుక కలిపి రెండు సాళ్లు చేసింది. దుంప మొన మాత్రం పైకి కనిపించేలా నాటింది. అంతా అయ్యాక పుల్లతో మధ్యలో గీత గీసి, "ఈ సాలు దేవుడిదన్నయ్యా. ఆ సాలు మీ ముక్కుది" అంది.

గోడ అవతల మంచం మీదనుంచి ఆయన, అప్పటికింకా మాట కొంచెం ముద్దగానే ఉంది, "ముక్కు సాలుకి ఎరువెక్కువెయ్యండి బావా" అన్నాడు.

నేను ఆ సాలుకి ఎరువుకన్నా ఎక్కువే పెట్టాను. నా ఆత్రమంతా పెట్టాను. మొలక రాకముందే వేలితో మట్టి తీసి చూసేవాణ్ణి. వేరు పట్టిందా లేదా అని దుంపని కదిపి చూసేవాణ్ణి. ఒక్కోసారి మొత్తం పైకి తీసి, అటూ ఇటూ తిప్పి, మళ్లీ పూడ్చేవాణ్ణి. మిల్లునుంచి రాగానే చెప్పులు విప్పకుండా పెరట్లోకి వెళ్లేవాణ్ణి. తడి ఆరకముందే మళ్లీ నీళ్లు పోసేవాణ్ణి. ఆవిడ గోడ మీదనుంచి చూసి, "పిల్లల్ని ఉయ్యాల్లోంచి అన్నిసార్లు తీస్తే నిద్రెక్కడ పోతారన్నయ్యా" అనేది. సరే సరే అనేవాణ్ణి. ఆవిడ లోపలికెళ్లాక మళ్లీ తవ్వేవాణ్ణి.

ఎండాకాలంలో కాలవ కట్టేశారు. మా వైపు బోరు నీళ్లు ఉప్పు. ఉతకడానికి మంచినీళ్లు లేక కలంకారీ పని ఊరంతా మందగించింది. ఆవిడ తాగడానికి తెచ్చుకున్న నీళ్లలోంచి చెంబెడు చెంబెడు తెచ్చి దేవుడి సాలుకి పోసేది. పోసి, చెయ్యి కూడా పెట్టకుండా వెళ్లిపోయేది. ఆ ఓపిక చూస్తే నాకు ఒళ్లు మండేది. అంత నిశ్చింతగా ఎలా ఉంటుంది ఈవిడ? మొగుడి చెయ్యి లేస్తుందో లేదో తెలియదు, దుంప మొలుస్తుందో లేదో తెలియదు!

ఆషాఢం వానలకి దేవుడి సాలులో కాడలు లేచాయి. నా సాలులో గడ్డిపోచల్లాంటి ఆకులు తప్ప ఒక్క కాడ రాలేదు. కొన్ని దుంపలు లోపలే మెత్తబడిపోయాయి. ఎందుకో ఎవరూ నాకు చెప్పక్కర్లేకపోయింది.

దేవుడి సాలులో మొదటి మొగ్గలు విచ్చుకున్న సాయంత్రం మా ఆవిడ పెరటి గుమ్మంలో నిలబడి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. తర్వాత నా వైపు చూసి, పీల్చినందుకు తప్పు చేసినదానిలా లోపలికెళ్లిపోయింది. నాకేం రాలేదు. ఆ రోజు గోడ దగ్గర పక్కింటావిణ్ణి అడిగాను.

"చెల్లెమ్మా, ఈ వాసన మీ ఇంట్లోకీ వస్తుంది కదా. అందరూ పీలుస్తున్నారు కదా. మరి దేవుడికి ఎంగిలయిపోదూ?"

"అదంతట అదొస్తే మన తప్పేముందన్నయ్యా? మనం వెళ్లి ముక్కు పెడితేనే."

అడిగింది నేనే. జవాబు విన్నదీ నేనే. అందుకే తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు దారి లేదు.

శ్రావణం మొదట్లో ఒక ఉదయం గోడ అవతల చప్పుడు వినిపించింది. పాత చప్పుడంత గట్టిగా లేదు, తడబడుతూ ఉంది. అచ్చు గుద్దిన చప్పుడే. ఆగి, మళ్లీ ఒకటి. నేను గడ్డం గీసుకుంటున్నవాణ్ణి అలాగే నురగతో గోడ దగ్గరికి పరిగెత్తాను. ఆయన బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు, కుడి పిడికిలి అచ్చు మీద ఉంది. గుడ్డ మీద లత కొంచెం వంకరపోయింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. "వంకరగా ఉన్నదానికి ఏడుస్తోంది బావా" అన్నాడాయన.

ఆ వారమే శనివారం శ్రీకాకుళం వెళ్దామనుకున్నారు. తెల్లవారి మొదటి బస్సు ఎక్కాలి కాబట్టి శుక్రవారం పొద్దుగూకకముందే ఆవిడ విచ్చుకోబోతున్న మొగ్గలన్నీ కోసేసింది. వాళ్లింట్లో ఆ రోజు రంగు మరగబెడుతున్నారు. పొగా వేడీ తగలకూడదని బుట్ట మా వరండాలో నీడన పెట్టి వెళ్లింది. వంట కాగానే వచ్చి దండ కడతానని మా ఆవిడతో చెప్పింది.

నేను గుడివాడ బస్సు దిగి వచ్చేసరికి బుట్ట అక్కడుంది. ఆ రోజు మిల్లులో ఒక లారీ ధాన్యం బాగుందన్నాను. బస్తాలు విప్పాక ముక్కిందని తేలింది. యజమాని ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం దారంతా నన్ను పొడుస్తూనే ఉంది. చెప్పులు విప్పాను. గుడ్డ తీశాను. అన్ని మొగ్గలు ఒకచోట ఎప్పుడూ చూడలేదు. ఒకటో రెండో కాదు, ఇన్ని ఒకేసారి పెడితే వస్తుందేమో అనిపించింది. చెవులదాకా ముఖం దించేశాను.

చల్లగా తగిలాయి. మెత్తగా తగిలాయి. ఇంకేమీ లేదు. రెండోసారి పీల్చాను, మూడోసారి పీల్చాను. నీళ్లలో ముఖం పెట్టినట్టే ఉంది.

తలెత్తేసరికి గుమ్మంలో మా ఆవిడ.

"ఏం చేశారు?"

"ఏం చేశాను? ఏమీ రాలేదు."

"వచ్చిందా రాలేదా అని నేనడగలేదు."

"వాసనే రాకపోతే చూసినట్టెలా అవుతుంది?"

"అబ్బో! జేబులో ఏమీ దొరక్కపోతే చెయ్యి పెట్టినట్టు కాదు, అంతేనా?" అని గుడ్డ మళ్లీ కప్పింది. "చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెబుతాను" అన్నాను.

చెబుదామనే అనుకున్నాను. గేటుదాకా వెళ్లాను, వెనక్కొచ్చాను. మళ్లీ వెళ్లాను. ఆవిడ మొక్కు నాది కాదు, ఆవిడ దేవుడు నా దేవుడు కాడు, ఇందులో పాపం నా లెక్కలో ఎక్కడ రాయాలి అని ఒకసారి అనిపించింది. చెబితే ఆవిడ ఏడుస్తుంది, చెప్పకపోతే హాయిగా వెళ్లొస్తుంది, చెప్పకపోవడమే దయ కదా అని ఇంకోసారి. ఆ రెండో ఆలోచన ఎంత తియ్యగా ఉందంటే, దాన్ని చూసే నాకు భయమేసింది.

ఇంతలో ఆవిడ తడిపిన అరటినార పట్టుకుని వచ్చేసింది. వరండాలో కాళ్లు చాపుకుని కూర్చుని కట్టడం మొదలుపెట్టింది. ఆయన చేతికర్ర పట్టుకుని వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"బందరులో చల్లపల్లి బస్సెక్కుతామన్నయ్యా. అక్కణ్ణుంచి ఆటో. ఈయన మెట్లెక్కుతానంటున్నారు."

"ఎక్కకపోతే నువ్వు ఎత్తుకుంటావా?" అన్నాడాయన.

రెండు పూలు ఇటు, రెండు పూలు అటు. ఒక ముడి. మళ్లీ రెండు ఇటు, రెండు అటు. నేను చూస్తూ నిలబడ్డాను. మూరెడు దండ కట్టేదాకా చూస్తూ నిలబడ్డాను. బుట్టలో ముఖం పెట్టింది ఒక్క క్షణపు ఆత్రం. ఈ మూరెడు మాత్రం తెలిసి తెలిసి చేసింది. మా ఆవిడ లోపల గిన్నె గట్టిగా కింద పెట్టింది.

"కట్టకు చెల్లెమ్మా" అన్నాను.

ఆవిడ తలెత్తింది.

"నేను వాసన చూశాను. ఇందాక. బుట్టలో ముఖం పెట్టి."

ఆవిడ చేతులు ఆగిపోయాయి. ఒళ్లోని దండని రెండు చేతులతో తీసి పక్కన తీసిన తడిగుడ్డ మీద పెట్టింది.

"వచ్చిందా మరి?" అంది.

ఆవిడ ఏం తిట్టినా పడటానికి సిద్ధంగా ఉన్నాను కానీ దీనికి సిద్ధంగా లేను. "రాలేదు" అన్నాను.

ఆయన గోడ దగ్గర్నుంచి, "అంటే ఇటు దేవుడికీ కాకుండా, అటు ముక్కుకీ కాకుండా పోయాయన్నమాట" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

"కట్టకముందు చెప్పుండాల్సిందన్నయ్యా" అంది ఆవిడ. అప్పుడు ఏడ్చింది. "ఎండల్లో నీళ్లు మోసి పెంచానండీ. ఒక్కటి కూడా తల్లో పెట్టుకోలేదు."

మా ఆవిడ వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. నాకు ఎక్కడ నిలబడాలో తెలియలేదు. వచ్చే శనివారం వెళ్లొచ్చు కదా అన్నాను. తోటివాళ్లకి చెప్పుకున్నామని, ఈయన చెయ్యి ఈ వారం ఉన్నట్టు వచ్చే వారం ఉంటుందని ఎవరు చూడొచ్చారని ఆవిడ అంది. అప్పుడు తెలిసింది నాకు. ఆవిడ నిశ్చింతగా లేదు. ఎప్పుడూ లేదు. నాలా తవ్వలేదు, అంతే.

"పొద్దునకి ఇంకొన్ని విచ్చుకుంటాయి కదా" అన్నాను. "కాడకి ఒకటో రెండో. మొదటి బస్సు వదిలెయ్యండి. నేను మిల్లుకి సెలవు పెడతాను. ఆటో మాట్లాడి నేనే తీసుకెళ్తాను."

"వాటితో దండ అవదు."

"అయినంత."

ఆవిడ లేచి వెళ్తూ, "అవి వదినకి ఇవ్వండి" అని బుట్ట వైపు చూపించింది. మా ఆవిడ ఆ పూలు తల్లో పెట్టుకోలేదు. ఎంత చెప్పినా పెట్టుకోలేదు.

తెల్లవారుతుండగా స్నానం చేసి, ఉతికిన తుండుగుడ్డ ముక్కుకీ నోటికీ అడ్డంగా గట్టిగా కట్టుకుని పెరట్లోకి వెళ్లాను. ఆవిడ పళ్లెం పట్టుకుని అప్పటికే అక్కడుంది. తను పెంచిన పూలు కోయమని నాకే పురమాయించడం ఆవిడ మంచితనమో శిక్షో తెలియదు, అడగలేదు. ఆయన గోడమీదనుంచి చూశాడు.

"వాసన రానివాడికి ముక్కుకి గుడ్డెందుకు బావా?"

"ముక్కు మీద అనుమానం కాదు బావా. నా మీదే."

కాడ కదలకుండా ఎడంచేత్తో పట్టుకుని ఒక్కో మొగ్గా కోశాను. చెయ్యి బారుగా చాచి పళ్లెంలో పెట్టాను. ఎంత కోసినా పళ్లెం అడుగు కనిపిస్తూనే ఉంది. ఆవిడ వాళ్లింటి ముందు తులసికోట దగ్గరికెళ్లి తులసి తెంపుకొచ్చి మధ్యమధ్య కలిపి కట్టింది. అయినా అది దండ కాలేదు. మూరకి కొంచెం పైన.

ఆటోలో దారిపొడుగునా పళ్లెం ఆవిడ ఒళ్లో ఉంది. నేను డ్రైవరు పక్కన, తల రోడ్డువైపు తిప్పుకుని కూర్చున్నాను. వరినాట్లు వేస్తున్న పొలాల మీదుగా తడిగాలి కొడుతోంది. గుడి దగ్గర ఆయన మెట్లెక్కాడు. ఒకచేత్తో కర్ర, ఒక చెయ్యి ఆవిడ భుజం మీద. నేను బయట చెప్పుల దగ్గర నిలబడి నా అలవాటు ప్రకారం ప్రార్థన చేసుకోబోయాను. ఏమని అడగాలో తోచలేదు. దండ సరిపోవాలని అడిగాను.

సరిపోలేదు. వాళ్లు బయటికొచ్చాక నేనడగకముందే ఆవిడ చెప్పింది. "మెడకి చాల్లేదన్నయ్యా. పాదాల దగ్గర పెట్టారు." బాధ దాచుకోలేదు, నన్ను ఓదార్చనూ లేదు. కాస్త ఆగి, "దండ ఇంకా బాకీ ఉన్నాను నేను" అంది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. అన్నం తినకుండానే పెరట్లోకి వెళ్లాను. ముక్కు సాలు మొత్తం తవ్వాను. ఈసారి గోడ దగ్గర నిలబడి ఆవిడ చెబుతుంటే తవ్వాను. కుళ్లినవి తీసి పారేశాను. బాగున్న దుంపల్ని, పక్కన పుట్టిన పిల్ల దుంపల్ని విడదీసి ఆవిడ చేతికిచ్చాను. పెంచాల్సింది ఆవిడ చేతులే కదా. ఆవిడ గోడ దాటొచ్చి కొత్త ఇసుకలో నాటింది. తను మధ్యలో పుల్లతో గీసిన పాత గీత వానలకి ఎప్పుడో చెరిగిపోయింది. మళ్లీ గీస్తుందేమోనని చూశాను, గీయలేదు. నేనూ అడగలేదు.

ఆవిడ వెళ్లాక నాలుగు కర్రలు పాతి సాలు చుట్టూ పురికొస కట్టాను. తాగే నీళ్లలోంచి ఒక చెంబు తెచ్చి పోశాను. ఒక చెంబే. చెయ్యి మట్టిమీదికి వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను. గోడ అవతల అచ్చు చప్పుడు మొదలైంది. దాన్ని వింటూ వరండాలోకొచ్చి చెప్పులు విప్పి కూర్చున్నాను. లేచాను. మళ్లీ కూర్చున్నాను. పెరట్లోకి మాత్రం వెళ్లలేదు.